వర్డ్ ఫైలు కథ

ఈ కథ వర్డ్ ఫైలుది. పేరు చివర డాక్స్ అని ఉండే ఈ రకం ఆఫీస్ 2007తో పుట్టింది. దీనికి ముందరి డాక్ ఫైలు బైనరీ రూపంలో ఉండేది. డాక్స్ మాత్రం లోపల జిప్ మూట. రాత ఒక ఎక్స్‌ఎంఎల్ ఫైలులో, స్టైల్స్ మరొక దానిలో, బొమ్మలు మీడియా అనే ఫోల్డరులో ఉంటాయి. 2008లో ఈ రూపాన్ని ఐఎస్‌ఓ ప్రమాణంగా ఆమోదించారు.

తొలినాళ్లలో ఈ ఫైలు నివాసం హార్డ్ డిస్క్. పదిమంది చూడాలంటే మెయిల్‌కు జోడించి పంపేవారు. అందుకున్న ప్రతివారి దగ్గరా ఒక కాపీ తయారయ్యేది. ఫైనల్, ఫైనల్ 2, కొత్త ఫైనల్ అన్న పేర్లు అలా పుట్టినవే. ఆఫీసు సర్వర్‌లో పెట్టినా, ముందు తెరిచినవారికే రాసే వీలు ఉండేది. వారి పేరును పక్కనే దాగిన ఒక చిన్న ఫైలు గుర్తుపెట్టుకునేది. తరువాత వచ్చినవారు చదివి ఊరుకోవలసిందే.

ఇలా ఇతరులను ఆపే తాళం వర్డ్ 2010లో పేరాకు పరిమితమైంది. ఆఫీసులో ఫైళ్లు పంచుకునే షేర్‌పాయింట్‌లోని ఫైలులో ఒకరు ఒక పేరా దిద్దుతుంటే మరొకరు ఇంకో పేరా దిద్దవచ్చు. అయితే సేవ్ చేస్తేనే మార్పులు ఇతరులకు చేరేవి. 2015 సెప్టెంబరులో వచ్చిన వర్డ్ 2016తో, ఒకరు టైపు చేస్తుండగానే రెండోవారికి కనిపించడం మొదలైంది. ఎవరు ఎక్కడ రాస్తున్నారో వారి పేరుతో ఉన్న రంగు కర్సర్ చూపుతుంది.

2017లో ఆటోసేవ్ వచ్చింది. క్లౌడ్‌లో, అంటే వన్‌డ్రైవ్‌లో, షేర్‌పాయింట్‌లో ఉన్న ఫైలు తనంతట తానే సేవ్ అవుతుంది. సౌకర్యంతోపాటు ఒక చిక్కూ వచ్చింది. పాత నివేదికను తెరిచి కొత్తది రాయబోతే మార్పులు పాతదానిలోనే పడతాయి. అందుకే మెనూలో సేవ్ యాజ్ ఉన్నచోట సేవ్ ఎ కాపీ కనిపిస్తుంది. పొరపాటు జరిగినా వెర్షన్ హిస్టరీలోంచి పాత రూపాన్ని తిరిగి తెచ్చుకోవచ్చు.

ఇప్పుడు కాపీకి బదులు లింకు పంపితే చాలు. చూడటానికా, దిద్దటానికా అన్నది పంపేటప్పుడే నిర్ణయించవచ్చు, ఇచ్చిన అనుమతిని వెనక్కి తీసుకోవచ్చు. మెయిల్‌లో వెళ్లిపోయిన కాపీ మీద ఆ అదుపు లేదు. కామెంటులో ఎట్ గుర్తు పక్కన సహోద్యోగి పేరు రాస్తే వారికి కబురు అందుతుంది.

అయితే పాత డాక్ రూపంలో ఉన్న ఫైలుకు ఆటోసేవ్ పనిచేయదు. పాస్‌వర్డుతో ఎన్‌క్రిప్ట్ చేసిన ఫైలును పలువురు కలిసి దిద్దలేరు. నెట్ లేనప్పుడు చేసిన మార్పులు కంప్యూటర్‌లో నిలిచి ఉండి, నెట్ రాగానే క్లౌడ్‌లోని ఫైలులో కలుస్తాయి. ఈలోగా అదే చోటును ఇంకొకరు మార్చి ఉంటే, ఏది ఉంచాలో రాసినవారే తేల్చుకోవాలి.