విప్పకుండానే సార్!

"విప్పకుండానే క్లీన్ చేసేస్తాం సార్!" మూడు వారాల్లో ముగ్గురు మెకానిక్కుల నోట విన్నానీ మాట. పళ్ళ డాక్టరు "నొప్పేం ఉండదండీ" అనేటప్పుడు నవ్వే నవ్వే ముగ్గురూ నవ్వారు.

పొద్దున్నే స్టార్ట్ చేస్తే మా కారుకి చలిజ్వరం. డాష్‌బోర్డు మీది వినాయకుడు నిమిషంసేపు వద్దు వద్దని తలాడిస్తాడు. మొదటి మెకానిక్కు సన్నటి కెమెరా లోపలికి దూర్చి ఫోన్లో చూపించాడు. వాల్వు కాడ చుట్టూ నల్లగా, గరుగ్గా, అడుగంటిన ఉప్మా మూకుడులా ఉంది.

"రోజూ పెట్రోలు తాగుతోందిగా, కడుక్కోదా?" అన్నాను. పాత బళ్ళలో పెట్రోలు వాల్వు వెనకే చిమ్మేదట, పోతూ పోతూ దాన్ని కడిగేదట. నాది డైరెక్ట్ ఇంజెక్షన్. పెట్రోలు తిన్నగా సిలిండర్లోనే పడుతుంది. వాల్వుకి దక్కేది గాలీ, ఇంజనాయిల్ ఆవిరీ మాత్రమే. ఆ డైరెక్ట్ ఇంజెక్షన్ కోసమే షోరూములో ఎక్కువ కట్టాను. అంటే మా బావమరిది మాట విని ట్యాంకులో పోసిన క్లీనర్ డబ్బా వాల్వు మొహమైనా చూడకుండా కాలిపోయిందన్నమాట!

రెండోవాడు హైడ్రోజన్ మిషన్ పెట్టాడు. నీళ్ళని విడగొట్టి, ఆ వాయువుల్ని ఇంజన్ చేత పీల్పిస్తుంది. ముప్పావుగంటకి సైలెన్సర్లోంచి నీటిచుక్కలు రాలాయి. "చూశారా, కార్బన్ కరిగిపోతోంది!" అన్నాడు. హైడ్రోజన్ మండితే నీళ్ళే వస్తాయని పదో తరగతి పిల్లాడికి కూడా తెలుసు. ఆ మాటకొస్తే పెట్రోలు మండినా వస్తాయి. మూడున్నర వేలిచ్చి నీళ్ళని నీళ్ళు చేయించుకున్నాను.

మూడోవాడు అక్రోట్ పెంకులన్నాడు. పొడి చేసి గాలి ఒత్తిడితో వాల్వు మీదికి కొడతారు. కార్బన్‌ని గీకేంత గట్టివి, లోహాన్ని గీరనంత మెత్తనివి. హెడ్ దించక్కర్లేదు గానీ మానిఫోల్డ్ మాత్రం విప్పాలట. "విప్పకుండా అన్నావుగా?" అంటే, "అది విప్పడం కింద రాదు సార్" అన్నాడు.

నాకు పట్టుకున్నది మాత్రం అక్రోట్. యాభై దాటినప్పట్నుంచీ మా ఇంట్లో రోజూ రాత్రి నా పేరిట రెండంటే రెండు అక్రోట్ పప్పులు నానుతాయి. మూడోది అడిగితే మా ఆవిడ కిలో ధర చెబుతుంది. కొనేది పప్పే కదా, మరి ఆ పెంకులన్నీ ఎటు పోతున్నాయని ఏనాడూ అనుకోలేదు. ఇప్పుడు తెలిసింది. పప్పు నాకమ్మి, పెంకు నా కారుకి అమ్ముతున్నారు! అయినా గట్టి పెంకులకి మనకేం కరువు? కొబ్బరి చిప్పలున్నాయి, తాటి టెంకలున్నాయి, చింతగింజలున్నాయి. మా చిన్నప్పటి పుల్లజీళ్ళు చాలు, వాల్వుతో పాటు ఇంజన్ కూడా ఊడొచ్చేది. "నాకు రెండు, కారుకి కిలోలా?" అని ఇంట్లో నిలదీశాను. "దానికి పెట్టేది పెంకులేగా. మీరూ అవే తింటానంటే చెప్పండి, రెండు కిలోలు తెప్పిస్తా."

ఆ మూడోవాడే బేరం కుదిరాక అడిగాడు: "రోజూ ఎంత తిప్పుతారు సార్?"

రైతుబజారు దాకా. పోనూ రానూ నాలుగు కిలోమీటర్లు.

"ఇంజన్ వేడెక్కేలోపే ఆపేస్తున్నారు. పట్టిన మసి దానంతటది పోదు గానీ, అప్పుడప్పుడూ హైవే ఎక్కిస్తే కొత్తది అంత తొందరగా పట్టదు. ఊరెళ్ళరా సార్?"

వెళ్ళేవాళ్ళం. నెలకోసారి పంతంగి, కొర్లపహాడ్, చిల్లకల్లు, మూడు టోల్‌గేట్లు దాటి. వచ్చేటప్పుడు డిక్కీలో బియ్యం బస్తా, ములక్కాడలు, అమ్మ కట్టిచ్చిన ఏవో మూటలు. అమ్మ పోయాక రెండేళ్ళు తాళం వేసి ఉంచి, పోయిన వేసవిలో ఇల్లు అమ్మేశాం.

పెంకుల పని వాయిదా వేసి, ఆదివారం కారుని హైవే ఎక్కించాను. పంతంగి టోల్ దాటేదాకా బాగానే ఉంది. దాటాక ఎటెళ్ళాలో తోచలేదు. పక్కకి ఆపి టీ తాగి వెనక్కి తిప్పాను. ఫోన్‌కి ఫాస్టాగ్ మెసేజీలు రెండొచ్చాయి. మా ఆవిడ చూసింది గానీ ఏమీ అనలేదు.

సోమవారం పొద్దున్న వినాయకుడు మళ్ళీ తలాడించాడు.