గ్యాస్ కాదు, ముందు పైపు చూడు

ఏసీ సరిగా చల్లబడటం లేదని ఏ షెడ్డుకు బండి తీసుకెళ్లినా ఇప్పుడు ఒకటే మాట: "గ్యాస్ అయిపోయింది సార్, నింపాలి." బానెట్ ఎత్తరు, గేజీ తగిలించరు, బ్లోయర్ గాలి ఎటు నుంచి వస్తోందో చెయ్యి పెట్టి చూడరు. ఏసీ గ్యాసు పెట్రోలులా ఖర్చయ్యేది కాదు. మూసిన గొట్టాల్లో అదే గ్యాసు ఏళ్ల తరబడి తిరుగుతుంది. తగ్గిందంటే ఎక్కడో లీకు ఉన్నట్టు. ఆ లీకు వెతక్కుండా నింపితే కొన్నాళ్లకు మళ్లీ అదే షెడ్డు, అదే మాట, అదే బిల్లు. అంతకంటే ఒళ్లు మండే సంగతి ఇంకొకటుంది. గ్యాసు నిండుగా ఉన్న బండికి కూడా గ్యాసే ఎక్కిస్తున్నారు.

మా రోజుల్లో ఇలా చేస్తే ఉస్తాద్ షెడ్డులో నిలబడనిచ్చేవాడు కాదు. ఎనభైల్లో నేను నిజామాబాద్ జిల్లా నుంచి షార్జా పోయాను. మా వైపు నుంచి గల్ఫ్‌కు పోయినవాళ్లలో బిల్డింగుల పనికి పోయినవాళ్లే ఎక్కువ. నాకు గ్యారేజీలో పని దొరికింది. ఇండస్ట్రియల్ ఏరియాలో వరసగా షెడ్లు, షెడ్ల ముందు పొడుగాటి అమెరికా బండ్లు. వాటిలో షెవర్లే కాప్రిస్‌దే రాజ్యం. ఆ బండ్లలో ఏసీ గాలిని ముఖం మీదికో, కాళ్ల మీదికో, ముందు అద్దం మీదికో మళ్లించే ఫ్లాపులను కదిపేది కరెంటు మోటారు కాదు, వాక్యూమ్.

పెట్రోలు ఇంజను ఐడిల్‌లో ఉన్నప్పుడు గాలి లోపలికి పోయే దారిలోని థ్రాటిల్ మూత దాదాపు మూసుకుని ఉంటుంది. పిస్టన్లు మాత్రం బొండంలో స్ట్రా పెట్టి పీల్చినట్టు గాలి కోసం లాగుతూనే ఉంటాయి. బాగున్న ఇంజనైతే ఇన్‌టేక్ మానిఫోల్డులో 18 నుంచి 20 అంగుళాల పాదరసం దాకా వాక్యూమ్ చూపిస్తుంది. పైసా ఖర్చు లేకుండా దొరికే బలం అది. మానిఫోల్డు నుంచి ఒక సన్నటి పైపు, మధ్యలో వాక్యూమ్‌ను వెనక్కి పోనివ్వని చెక్ వాల్వు, వాక్యూమ్ నిల్వ ఉండటానికి ఒక డబ్బా, అక్కణ్నుంచి డ్యాష్‌బోర్డులో గాలి ఎటు రావాలో ఎంచుకునే సెలెక్టర్‌కు దారి. సెలెక్టర్ వెనక రంగురంగుల పైపులు, ఒక్కో రంగు ఒక్కో డయాఫ్రమ్‌కు. డయాఫ్రమ్ అంటే అరచేతిలో పట్టే గుండ్రటి డబ్బా. లోపల ఒక రబ్బరు పొర, ఒక స్ప్రింగు. బయటికి ఒక కడ్డీ. వాక్యూమ్ తగిలితే కడ్డీ ఫ్లాపును లాగుతుంది, వాక్యూమ్ పోతే స్ప్రింగు దాన్ని వెనక్కి నెడుతుంది. అంతే. ఇందులో ఒక దూరాలోచన ఉంది. వాక్యూమ్ మొత్తం పోయినప్పుడు గాలి ముందు అద్దం మీదికి పోయేలా చాలా బండ్లలో స్ప్రింగులు అమర్చారు. మంచు కురిసే దేశంలో ఏది చెడిపోయినా డ్రైవరుకు దారి కనబడాలి కదా.

ఆ ఏర్పాటే గల్ఫ్‌లో మాకు రోగం చెప్పేది. ఆగస్టు రాత్రి సముద్రం మీది తేమ బండ్ల మీద నీళ్లై కారుతుంటుంది. లోపలి నుంచి చల్లగాలి అద్దానికి కొడుతుంటే బయటి వైపు అద్దం పూర్తిగా మసకబారుతుంది. చుక్క వాన లేకుండా వైపర్లు ఆడించుకుంటూ బండి షెడ్డులోకి వచ్చిందంటే సగం రోగం వాకిట్లోనే తెలిసిపోయేది. ఫుజైరా దారిలో నడిపే డ్రైవర్లు ఇంకో మాట చెప్పేవాళ్లు: మసాఫీ వైపు కొండెక్కుతుంటే గాలి అద్దం మీదికి పోతోంది, దిగేటప్పుడు మళ్లీ ముఖానికి వస్తోంది అని. ఎక్కేటప్పుడు ఆక్సిలేటరు తొక్కుతారు, థ్రాటిల్ తెరుచుకుంటుంది, మానిఫోల్డులో వాక్యూమ్ పడిపోతుంది. ఆ కాసేపు నిల్వ డబ్బా ఆదుకోవాలి. ఆదుకోవడం లేదంటే చెక్ వాల్వు వెనక్కి వదిలేస్తోంది, లేదా డబ్బాకో పైపుకో పగులు పట్టింది. డ్రైవరు చెప్పే మాట అంత విలువైనది. ఇప్పుడు కస్టమరు నోరు తెరిచేలోపే స్కానర్ తగిలిస్తున్నారు.

మా ఉస్తాద్ పెషావర్ మనిషి. ముందు చెవి పెట్టు, తర్వాతే చెయ్యి పెట్టు అనేవాడు. ఇంజను ఆన్, రేడియో బంద్, బ్లోయర్ తక్కువలో. డ్యాష్ కింద తల దూర్చి, సెలెక్టర్‌ను ఒక్కో గడికి తిప్పుతూ వినాలి. ఒక గడిలో మాత్రం 'స్స్స్' మని వినిపించి, పక్క గడికి తిప్పగానే ఆగిపోతే, ఆ గడిలో పనిచేసే డయాఫ్రమో దాని పైపో చిరిగినట్టు. ఏ గడిలో పెట్టినా ఆగకపోతే సెలెక్టర్ మీద అనుమానం. తర్వాత చేతిపంపు తీసుకుని అనుమానమున్న డయాఫ్రమ్‌కు తగిలించి, 15 అంగుళాల దాకా లాగి సూదిని చూడాలి. సూది నిలబడితే పొర బాగున్నట్టు, జారితే చిరిగినట్టు. పంపు ఇంకొకడి చేతిలో ఉంటే పైపు నోట్లో పెట్టుకుని పీల్చి, కొసకు నాలుక అడ్డం పెట్టేవాళ్లం. పొర బాగుంటే పైపు నాలుకకు పట్టుకుని వదిలేది కాదు. చిరిగితే వెంటనే జారిపోయేది. పదిలో ఎనిమిదిసార్లు డయాఫ్రమ్ కూడా కాదు. ఇంజను వేడికి గట్టిపడ్డ ప్లాస్టిక్ పైపు, వంపు దగ్గర వెంట్రుకంత పగులు. ఆ ముక్క కోసేసి రెండు కొసలనూ కలుపుతూ రబ్బరు హోస్ తొడిగితే పనైపోయేది. జీప్ చెరోకీల్లో వాక్యూమ్ నిల్వ ఉండే బంతిలాంటి డబ్బాను ముందు బంపర్ వెనక పెట్టారు. బంపర్ గోడకు గట్టిగా తగిలినా ఏసీ గాలి దారి తప్పేది. అది తెలియనివాడు డ్యాష్ అంతా విప్పుకుని కూచునేవాడు.

ఇక గ్యాసు సంగతి. మ్యాక్స్ ఏసీ పెడితే బయటి గాలి తలుపు మూసుకుని, లోపలి గాలే మళ్లీ మళ్లీ చల్లబడాలి. ఆ తలుపును లాగే డయాఫ్రమ్ చిరిగితే 45 డిగ్రీల బయటి గాలి నేరుగా లోపలికి వస్తుంటుంది. కొన్ని బండ్లలో హీటర్‌కు పోయే వేడినీటి వాల్వును కూడా వాక్యూమే మూయాలి. అది మూతపడకపోతే చల్లగాలి పక్కనే వేడినీళ్లు తిరుగుతుంటాయి. కంప్రెసర్ బాగుంటుంది, గ్యాసు బాగుంటుంది, బండి మాత్రం చల్లబడదు. అప్పుడు గ్యాసు ఎక్కిస్తే ఏమవుతుంది? కంప్రెసర్ నుంచి గ్యాసు బయటికి పోయే వైపు, అంటే హై సైడ్‌లో, ప్రెజరు పెరుగుతుంది, చల్లదనం ఇంకా తగ్గుతుంది, చివరికి కంప్రెసర్ పోతుంది. రెండు రూపాయల రబ్బరు ముక్కకు కంప్రెసర్ బలి. ఇది అప్పుడూ జరిగేది, కాని చేసినవాణ్ని మెకానిక్ అనేవాళ్లు కాదు.

బెంజ్ డబ్ల్యూ-123 డీజిల్ బండ్లు మాకు ఇంకో పాఠం నేర్పాయి. డీజిల్‌కు అలాంటి థ్రాటిల్ లేదు కాబట్టి వాక్యూమ్ కోసం ఇంజనుకు వేరే పంపు ఉంటుంది. బ్రేకు బూస్టరు, డోర్ లాకులు, ఏసీ ఫ్లాపులు, తాళం తిప్పితే ఇంజను ఆగడం, అన్నీ దాని మీదే. "తాళం తీసినా ఇంజను ఆగడం లేదు" అని బండి వస్తే బానెట్ కింది స్టాప్ మీట నొక్కి ఆపి, పైపులు ఒక్కొక్కటీ మూసుకుంటూ వెతికేవాళ్లం. చాలాసార్లు దోషం ఏ వెనక డోర్ లాకులోనో దొరికేది. ఇంజనుకు, డోరుకు సంబంధమేమిటని ఓనరు ఆశ్చర్యపోయేవాడు. బండి మొత్తాన్ని ఒకే ఒంటిగా చూడటం అలా అలవాటైంది మాకు.

ఇప్పటి బండ్లలో ఫ్లాపులకు చిన్న కరెంటు మోటార్లు, వాటిలో ప్లాస్టిక్ పళ్లచక్రాలు. కొండెక్కితే గాలి దారి తప్పదు, ఆ మేలు ఒప్పుకోవాల్సిందే. కాని పన్ను విరిగితే డ్యాష్ వెనక టక్ టక్ టక్ మని కొట్టుకుంటుంది. ఆ శబ్దం విన్నవాడికి రోగం తెలియాలి. తెలియదు, ఎందుకంటే వినరు. స్కానర్‌లో కోడ్ వస్తుంది, కోడ్ చెప్పిన మోటారు మార్చేస్తారు. డీఫ్రాస్ట్ గ్రిల్లులోంచి పిల్లల పెన్ను జారిపడి ఫ్లాపుకు అడ్డం పడిందని ఏ కోడ్ చెప్పదు. కొత్త మోటారు కూడా అదే పెన్నుకు గుద్దుకుని పోతుంది. నన్ను బాధపెట్టేది యంత్రం మారడం కాదు. కొనే సామానుకు డబ్బు ఇస్తారు, వెతికే పనికి ఇవ్వరు. అందుకే కుర్రవాళ్లు వెతకడం మానేశారు. ఆ తప్పు వాళ్లొక్కరిదే అనను.

మన దగ్గర 1995 నుంచి పుణెలో తయారైన డబ్ల్యూ-124 బెంజ్‌లు ఇంకా తిరుగుతున్నాయి. వాటి ఏసీ ఫ్లాపులు వాక్యూమ్‌వే. హైదరాబాద్‌లో ఒకాయన నా దగ్గరికి అలాంటి బండి తెచ్చాడు. అంతకు ముందు ఒక షెడ్డులో వరసగా గ్యాసు నింపించుకున్నాడట. డ్యాష్ కింద తల పెట్టగానే 'స్స్స్' వినబడింది. పూర్తిగా చిరిగింది ఒక్క డయాఫ్రమే, కాని దాన్ని తియ్యాలంటే డ్యాష్ మొత్తం దించాలి. ఒక్కటి మార్చి మూసేద్దామన్నాడు నా దగ్గర పనిచేసే అబ్బాయి. వద్దన్నాను. మిగతావన్నీ దాని వయసువే, అదే రబ్బరు. ఒక్కోదానికీ పంపు పెట్టి చూపించాను. మరో రెండింటికి సూది మెల్లగా జారింది. డ్యాష్ దించిన రోజునే అన్నీ మార్చాలి. బిగించే ముందు ఇంజను స్టార్ట్ చేసి, సెలెక్టర్‌ను అన్ని గడులూ తిప్పి, ప్రతి కడ్డీ కొస దాకా కదులుతోందో లేదో కళ్లతో చూసి, ఆ తర్వాతే స్క్రూలు పెట్టాలి.