గొడుగు కింద గోల్ఫు

మే నెల మిట్ట మధ్యాహ్నం. ‘అత్యవసరమైతే తప్ప గడప దాటకండి’ అని సర్కారు మొత్తుకుంటుంటే, దొరవారు గోల్కొండ నయాఖిల్లా మైదానంలో 18 గుంతలు పూడ్చే అత్యవసర పని మీద బయల్దేరారు. తక్కువలో తక్కువ నాలుగు గంటల రాచకార్యం! సంచిలో 14 కర్రల దాకా ఉండొచ్చట. మోసేది క్యాడీ. గొడుగు పట్టేదీ అతనే. అయితే ఆటకో ధర్మం ఉందండోయ్: బంతి కొట్టే క్షణాన దొరగారి నెత్తిన క్యాడీ గొడుగు పట్టకూడదు. పడితే రెండు దెబ్బలు జరిమానా! ఆ ఒక్క క్షణం అయ్యగారు ఎండలో మాడాల్సిందే, పాపం. నాలుగు గంటలూ మాడే క్యాడీకి తగిలే వడదెబ్బను మాత్రం స్కోరుకార్డులో ఎవరి ఖాతాలో వేస్తారో!