అంతర్జాతీయ గోనెసంచి

మా కాలనీ సంక్రాంతి ఆటలు నిరుటిదాకా వట్టి ఆటలే. ఈ ఏడు అంతర్జాతీయ శీతాకాల క్రీడోత్సవం. మధ్యలో జరిగిందల్లా ఒకటే. సంక్షేమ సంఘం కార్యదర్శిగారి అల్లుడి కంపెనీ నుంచి ఒక జర్మన్ ఇంజినీరు పదిరోజుల పనిమీద హైదరాబాద్‌లో దిగాడు.

పరేడ్ గ్రౌండ్స్‌లో సర్కారు అంతర్జాతీయ పతంగుల పండుగ పెట్టినప్పటి నుంచి కార్యదర్శిగారికి కంటిమీద కునుకు లేదు. అహ్మదాబాద్‌ వాళ్లు 1989 నుంచే చేస్తున్నారు, ఇప్పుడు మన సర్కారూ చేస్తోంది, మనకేం తక్కువ అని ఆయన బాధ. తక్కువైంది విదేశీయుడొక్కడే. జిరాక్సు మీద గెజిటెడ్ ఆఫీసరు ఆకుపచ్చ సంతకం పడితేగానీ అది మన సర్టిఫికెట్టేనని మనకే నమ్మకం కుదరదు కదా. పండక్కీ అంతే, ఒక తెల్లాయన వచ్చి అటెస్టేషన్ చేసి పోవాలి.

ఒక్క దేశంతో అంతర్జాతీయం ఎలా అవుతుందని కోశాధికారి మెలిక పెట్టాడు. డాలస్‌లో బడి ఎగ్గొట్టించి తెచ్చిన తన మనవలిద్దరినీ అమెరికా జట్టుగా రాయించాడు. ఆ పిల్లలు నాయనమ్మతో శుభ్రంగా తెలుగులో మాట్లాడతారు గనక మైకు దగ్గరికి రానివ్వకూడదని తీర్మానించారు. మన గేటు పక్కన మోమోలు అమ్ముకునే నేపాల్ కుర్రాడున్నాడుగా, మంచు అంటే తెలిసిన వాడు ఈ చుట్టుపక్కల అతనొక్కడే, అతన్నీ కలిపితే మూడు దేశాలవుతాయి అన్నాను. "అతని బండి పార్కింగుకి అడ్డమండీ" అన్నారు.

అసలు పేచీ కరపత్రం దగ్గర వచ్చింది. చిర్రగోనె అని రాయాలని వరంగల్ వాళ్లు. గూటీబిళ్ళ అని గుంటూరు వాళ్లు. బిళ్ళంగోడు అని ఇంకొకాయన, ఆయనది ఏ ఊరో ఇప్పటికీ తేలలేదు. ఉపసంఘం మూడుసార్లు కూర్చుంది, ఉప్మా అయిపోయింది. చివరికి అతిథికి అర్థం కావాలిగా అని ‘ఇండియన్ బేస్‌బాల్’ అని అచ్చేశారు. జర్మనీలో బేస్‌బాల్ ఎవడికి పట్టిందని ఎవరూ అడగలేదు.

ఆటల రోజు పొద్దున పదిహేను డిగ్రీలు. కార్యవర్గం మొత్తం మంకీ క్యాపుల్లో, మఫ్లర్లలో, బ్యాంకు దోపిడీకి బయల్దేరినట్టుంది. అతిథి పొట్టి చేతుల చొక్కా, హవాయి చెప్పులతో దిగాడు. స్వాగత ద్వారానికి వేలాడుతున్న జెండాను కాసేపు చూసి, ఇది బెల్జియంది, మావి అడ్డచారలు అని నెమ్మదిగా చెప్పాడు. నలుపు, పసుపు, ఎరుపు మూడూ ఉన్నాయి కదా, నిలబెట్టి కట్టామంతే అన్నాడు ఫ్లెక్సీ కుర్రాడు.

తొమ్మిదికి అనుకున్న ప్రారంభం, ముఖ్య అతిథి వచ్చేసరికి పదకొండున్నర. ఈలోపు ఉన్న కాస్త గాలీ పడిపోయింది. ప్రసంగాలు మొదలయ్యాయి. ముఖ్య అతిథికి శాలువా కప్పారు, విదేశీ అతిథికీ ఒకటి కప్పారు. చెమటలు పడుతున్నా ఆయన నవ్వుతూ, మీ చలికాలం ఎప్పుడు మొదలవుతుందని నా చెవిలో అడిగాడు.

చెడుగుడులో ఈయన్ని కాస్త గెలిపిద్దాం, పాపం విదేశీయుడు అన్నారు. నేను జకార్తా గుర్తుచేశాను. 1990లో బీజింగ్ ఆసియా క్రీడల్లోకి కబడ్డీ వచ్చింది మొదలు బంగారు పతకం మనింటి బీరువాలోదే అనుకున్నాం. 2018లో ఇరాన్ మగవాళ్లు మనల్ని సెమీఫైనల్లోనే ఇంటికి పంపారు, ఆడవాళ్లు ఫైనల్లో 27-24తో ఓడించారు. ఆ ఆడవాళ్లకి నేర్పింది మన శైలజా జైన్. ఈ జర్మన్‌కి ఇంకా ఎవరూ నేర్పలేదు, అదొక్కటే ధైర్యం. కూత పట్టడం రాకపోయినా అతిథి కాళ్లు మాత్రం పొడుగు. బీపీ ఉన్న కార్యవర్గ సభ్యులు ముగ్గురు ఒక కాలికి వేలాడితే, ముగ్గుర్నీ ఈడ్చుకుంటూ గీత తొక్కాడు. గోనెసంచి పరుగులో సంచి ఆయన మోకాళ్ల దగ్గరే ఆగిపోయింది, దాని సంగతి వదిలేద్దాం.

మధ్యాహ్నానికి గాలి లేచింది. చైనా మాంజా నిషిద్ధమని, 2017లో హరిత ట్రైబ్యునల్ కూడా తీర్పు చెప్పిందని, పక్షుల పీకలు, మనుషుల పీకలు తెగుతున్నాయని కార్యదర్శిగారు మైకులో గట్టిగా చెప్పారు. అదే వేదిక వెనక కోశాధికారి కొడుకు చరఖా నిండా ఆకుపచ్చ నైలాను దారం తళతళలాడుతోంది. పేరుకే చైనా, చాలావరకు తయారీ మన దేశంలోనే. మా ఉత్సవంలో విదేశీ పేరు పెట్టుకున్న దేశవాళీ సరుకు అదొక్కటే కాదు గనక నేను ఊరుకున్నాను.

అతిథి చేతిలో పతంగి పెట్టారు. దానికి కన్నాలు కట్టలేదు. కట్టడం కార్యవర్గంలో ఒక్కరికీ రాదు. వాచ్‌మన్ కొడుకు, పన్నెండేళ్లుంటాయి, గోడ మీద కూర్చుని చూస్తున్నాడు. సభ్యత్వ రుసుము కట్టినవాళ్ల పిల్లలకే పోటీలు గనక వాడిది గోడే. కిందకి దూకి అగ్గిపుల్ల ముట్టించి ఆర్పాడు, ఆ నిప్పుమొనతో కాగితానికి నాలుగు చిల్లులు పెట్టాడు, సద్ది దారం దూర్చి, వేలితో తూచి, పంటితో కొరికి ముడేశాడు. దారాన్ని రెండుసార్లు గుంజాడో లేదో పతంగి వేపచెట్టు దాటిపోయింది. పక్క కాలనీ మేడ మీది ఎర్ర పతంగితో పేంచ్ పడింది. వాడు ఢీల్ ఇచ్చాడు, ఇచ్చాడు, ఇంకా ఇచ్చాడు. ఎర్రది తలవాల్చి కొట్టుకుపోయింది. "అఫా!" అని అందరికన్నా గట్టిగా అరిచింది జర్మన్ ఇంజినీరే. ఆ మాట ఆయనకి అప్పుడే ఎవరు నేర్పారో!

"బాబూ, కాస్త పక్కకి జరుగు, ఫొటో" అన్నారు. దారం అతిథి చేతికి, చరఖా కార్యదర్శిగారి చేతికి వచ్చాయి. మర్నాడు జిల్లా పేజీలో ఇద్దరూ ఆకాశం వైపు చూస్తున్నారు. కింద ‘అంతర్జాతీయ పతంగి క్రీడాకారుడు’ అని వేశారు.

ఆ రాత్రి పది దాటాక గేటు దగ్గర కార్యదర్శిగారి గొంతు వినపడి బాల్కనీలోంచి తొంగి చూశాను. వాచ్‌మన్ కుర్చీలో ముడుచుకుని కూర్చున్నాడు, మెడదాకా జరీ శాలువా. రిపబ్లిక్ డేకి వచ్చే అతిథికి కూడా దాన్నే కప్పాలని సంఘం లెక్క.

"అది నీ దగ్గరికెట్లా వచ్చిందయ్యా?"

"ఆ సారే పిలగానికి ఇచ్చిపోయిండు సార్. ఆయనకు చలి పెడ్తలేదంట."