పడినవాడి పద్యానికి టీకా తాత్పర్యం

ఆ.వె.
తెల్ల బట్ట గట్టి తెరువెరుంగక వచ్చి
మోకరిల్లి యొరిగి మొగ్గ వైచి
చేయి పట్టబోయి చేతి కందక జారి
నేల తోడ చెలిమి నెరపె ఘనుడు

అవతారిక: హైదరాబాదులో ఒక అద్దె హాలు. అందులో శని ఆదివారాల్లో ఐకిడో అనే జపాను యుద్ధవిద్య శిబిరం. జపాను నుంచి పెద్ద గురువుగారు వచ్చారు. నల్ల హకామాలు, అనగా కుచ్చెళ్ల లాగులు, కట్టిన పాతకాపులు ముందు వరుసలో, తెల్ల బెల్టుల శిష్యగణం వెనక వరుసలో, "కొత్తవాళ్లు కూడా రావచ్చు" అన్న ఒక్క వాక్యాన్ని నమ్ముకున్న మన కవి ఆ వెనక గోడ వారగా కూర్చున్నారు. ఆదివారం రాత్రి మోకాళ్లకు బామ్ రాసుకుంటున్న వేళ ఈ ఆటవెలది పుట్టిందని ప్రతీతి. కవీ వ్యాఖ్యాతా ఒక్కరేనని ఒక పుకారు ఉంది. వ్యాఖ్యాత మోకాళ్లు కూడా నొప్పిగా ఉన్నమాట నిజమే గాని అది సాక్ష్యం కిందికి రాదు.

ప్రతిపదార్థం:

తెల్ల బట్ట గట్టి = తెల్లని సాధన దుస్తులు కట్టుకుని. దీన్ని గి అంటారు. పైచొక్కాలో కుడి అంచు లోపల, ఎడమ అంచు పైన రావాలి. కవి తిరగేసి కట్టాడు. జపానులో అలా శవానికి కడతారు. ఒక సీనియరు పరుగున వచ్చి సరిచేశాడు. అపశకునం కాదా అని అడిగేవారికి జవాబు: తర్వాతి రెండు రోజుల్లో జరిగింది చూస్తే దాన్ని కవి దూరదృష్టి అనాలి. "గట్టి" దగ్గర శ్లేష. కట్టుకుని అని ఒక అర్థం, గట్టి బట్ట అని మరో అర్థం. కాలరూ చేతులూ పట్టి లాగినా చిరగకూడదు గనుక ఆ గుడ్డ నిజంగానే దళసరి. మే నెలలో ఏసీ లేని హాల్లో దాని దళసరితనం ఇంకా బాగా తెలుస్తుంది.

తెరువెరుంగక వచ్చి = దారి తెలియక వచ్చి. ఐకిడోలో "డో" అంటే మార్గం గనుక ఇక్కడ గూఢార్థం ఉందని ఒక పండితుడు పట్టుబడతాడు. ఫోన్లో మ్యాపు కవిని పక్క వీధిలో ఫంక్షన్ హాలు ముందు దింపిందన్నదే మాకు సమ్మతం.

మోకరిల్లి = మోకాళ్ల మీద కూర్చుని, వంగి నమస్కరించి. ఎవరికి? ఎదుటి గోడ మీద ఫోటోలో ఉన్న తెల్లగడ్డం పెద్దాయనకు. ఆయన ఉయెషిబా మొరిహెయి (1883–1969). జపానులో తనాబె అనే ఊళ్లో పుట్టాడు. ఆటే పొడగరి కాదు. 1915లో హొక్కాయిడోలో తకెదా సొకాకు అనే ఉగ్ర గురువు దగ్గర డైటో-ర్యూ జుజుత్సు పట్టాడు. ఆ తర్వాత దెగుచి ఒనిసబురో అనే మతగురువు ప్రభావంలో పడి, ఎముకలు విరిచే విద్యను ఎదుటివాడి ప్రాణం మీదికి తేకుండా ముగించే విద్యగా మలుచుకున్నాడు. ఐకిడో అన్న పేరు స్థిరపడింది 1942లో. అదే కాలంలో ఆయన టోక్యో వదిలి ఇవామా అనే పల్లెకు చేరి, సాధనతో పాటు సేద్యమూ చేశాడు. ఐకిడో అన్న పేరుకు అర్థమేమిటో ప్రతి కరపత్రంలోనూ ఉంటుంది, ఇక్కడ అక్కరలేదు.

ఆ కూర్చునే తీరును సెయిజా అంటారు. చూడటానికి మన వజ్రాసనమే. అందువల్ల కవి దీన్ని పిత్రార్జితం అనుకున్నాడు. ఇంట్లో భోజనమయ్యాక కాసేపు వేసే వజ్రాసనం వేరు, జపనీసులో ఉపన్యాసం, దానికి ఇంగ్లీషు అనువాదం, ఆ అనువాదానికి ఒక సీనియరు సవరణ పూర్తయ్యేదాకా వేసే వజ్రాసనం వేరు. మొదట పాదం తిమ్మిరెక్కింది. తర్వాత తిమ్మిరి కూడా పోయింది. లేవమన్నప్పుడు కాళ్లు ఎక్కడున్నాయో కవి చేత్తో తడుముకుని తెలుసుకున్నాడు. శిక్కో, అనగా మోకాళ్ల మీద నడక, దీని ఉత్తరకాండ. పాత కొలువుల్లో ప్రభువు ఎదుట నిలబడటం మర్యాద కాదు గనుక అలా కదిలేవారట. ఫోమ్ చాపల మీద ఆ మర్యాద పాటిస్తే కాలి బొటనవేలి మీది తోలు లేస్తుంది.

యొరిగి = వెనక్కి ఒరిగి. వెల్లకిలా పడేటప్పుడు గడ్డం ఛాతీకి ఆనాలి, చూపు సొంత బెల్టు ముడి మీద ఉండాలి. అలా ఉంటే తల వెనక భాగం నేలకు తగలదు. ఎవరు తోశారా అని పైకి చూశామా, తగులుతుంది. ఈ శాస్త్రం మొత్తంలో కవికి వెంటనే అర్థమైన సూత్రం ఇదొక్కటే.

మొగ్గ వైచి = మొగ్గ వేసి. ఇక్కడ కాస్త ఆగాలి. చిన్నప్పుడు ఇసుకలో వేసిన పిల్లిమొగ్గ నడినెత్తి నుంచి వెన్నుపూస మీదుగా తిన్నగా దొర్లుతుంది. చెక్క నేల మీద అలా దొర్లితే వెన్నులో ప్రతి పూసా విడివిడిగా హాజరు పలుకుతుంది. ఐకిడో మొగ్గ ఐమూలగా సాగుతుంది: ముందు చిటికెన వేలి వైపు అరచేతి అంచు, తర్వాత ముంజేయి, మోచేయి, భుజం, అక్కడి నుంచి వీపు మీదుగా ఎదుటి పక్క తుంటి. తల నేలను ముట్టదు. చేయి విల్లులా వంగి ఉండాలి, మోచేయి ముడుచుకుపోయిందా భుజం దిగిపోతుంది. గురువుగారు వేస్తే చప్పుడు లేదు. కవి వేసినప్పుడు పక్క హాల్లో భరతనాట్యం క్లాసు వాళ్లు తలుపు తీసి చూశారు.

చేయి పట్టబోయి = మణికట్టు పట్టుకోబోయి. దీన్ని పాణిగ్రహణం అని భ్రమపడరాదు. కవికి జతగా నిలిచిన హకామా అమ్మాయి మొదటి మాటగా "అంకుల్, కొంచెం గట్టిగా పట్టుకోండి" అన్నది గనుక ఆ అర్థానికి అవకాశమే లేదు. తర్వాత ఆమె పెట్టిన నిక్యో అనే మెలిక కన్నా ఆ అంకులే ఎక్కువ బాధించిందని కవి మిత్రులు చెబుతారు.

పూర్వపక్షం: ఈ రోజుల్లో ఎవడైనా వచ్చి మణికట్టు పట్టుకుంటాడా? ఫోను లాక్కుని బండి మీద పోతాడు గాని.

సమాధానం: ఈ పట్లు నడుముకు కత్తి ఉన్న కాలం నాటివి. పిడి మీదికి పోయే చేతిని ఆపితే కత్తి బయటికి రాదు. కత్తి పోయింది, పట్టు మిగిలింది. నడినెత్తి మీదికి దిగే అరచేతి అంచు దెబ్బ కూడా కత్తి వేటుకు నీడే. అయినా ఈ పూర్వపక్షం తీసిపారేయదగ్గది కాదు. బజారులో పనికొస్తుందని చెప్పి ఐకిడో నేర్పేవాళ్ల మాట వ్యాఖ్యాతకు అంతగా నచ్చదు.

చేతి కందక జారి = దొరికినట్టే దొరికి దొరకక. ఇది పద్యానికి గుండెకాయ. కవి ఆమె మణికట్టు బిగించి పట్టాడు. అప్పుడు మనిషి చేయి విదిలించుకుంటుంది, లేదా లాగుతుంది. కవి కండలు రెంటికీ సిద్ధంగా ఉన్నాయి. ఆమె ఏదీ చేయలేదు. పట్టిన చోటు పట్టినట్టే వదిలి, దాని చుట్టూ తాను తిరిగింది. ఒక్క అడుగు, ఒక్క మలుపు. ఇప్పుడు ఆమె కవి పక్కన నిలబడి, కవి చూసే వైపే చూస్తోంది. ఇద్దరూ బస్సు కోసం ఎదురుచూస్తున్నట్టు ఉంది. దీని పేరు తెన్‌కాన్. లాగితే లాగడానికీ, తోస్తే తోయడానికీ ఎదురుగా మనిషి లేదు. కవి బలమంతా ముందుకు పోయి, వెంట కవి కూడా పోయాడు. "మీరే పడ్డారు అంకుల్, నేనేం చేయలేదు" అన్నది ఆమె. ఇది వినయం కాదని గ్రహించాలి.

నిక్యో సంగతి పద్యంలో లేదు. మణికట్టును లోపలికి మెలిపెట్టి కొద్దిగా నొక్కుతారు. నొప్పి చేతిలో మొదలై మోకాళ్లలో తేలుతుంది, మోకాళ్లు వాటంతట అవే మడుచుకుంటాయి. వద్దు అనడానికి భాష అక్కరలేదు, చాప మీద రెండుసార్లు తట్టాలి. ఆమె పట్టక ముందే కవి తట్టాడని పాఠాంతరం.

నేల తోడ చెలిమి నెరపె = నేలతో స్నేహం చేశాడు. సులభం. వదిలేద్దాం.

ఘనుడు = గొప్పవాడు. ఇది వ్యాజనింద అనేవాళ్లు ఆదివారం మధ్యాహ్నం తరగతికి రాలేదని తెలుస్తూనే ఉంది. ఐకిడో జతలో విసిరేవాడు నాగే, పడేవాడు ఉకే. కాసేపు ఒకరు, కాసేపు మరొకరు. పాత కత్తి విద్యల్లో ఓడిపోయే పాత్ర పెద్దవాడిదే. ఎప్పుడు, ఎలా, ఎంత వేగంతో పడితే చిన్నవాడు నేర్చుకుంటాడో తెలిసినవాడు ఆయనే గనుక. ఇక్కడా అంతే. సరిగా పట్టి, సరిగా పడే ఉకే లేకపోతే నాగే గాలిలో చేతులు తిప్పుకునే మనిషి. ఆ లెక్కన రెండు రోజులూ, తన వంతు వచ్చినా రాకపోయినా, పడుతూనే ఉన్న కవికి ఘనుడనే బిరుదు చెల్లుతుంది. ఆదివారం మధ్యాహ్నం గురువుగారు తానే ఉకే అయి, ఒక పదేళ్ల పిల్లవాడి చేతిలో పడి చూపించారు. హాలంతటికీ అర్థమైంది ఆ ఒక్క పాఠమే.

మతభేదం: పద్యంలో గెలుపు ఓటముల ప్రస్తావన లేదేమని ఒక ఆక్షేపణ. ఉయెషిబా పోటీలు వద్దన్నాడు, ప్రధాన సంప్రదాయమైన ఐకికాయ్ నేటికీ వాటిని పెట్టదు. ఆయన శిష్యుడే అయిన టొమికి కెంజి మాత్రం, పోటీ లేనిది ఎవరికి ఎంత వచ్చో తేలదని వేరు పద్ధతి పెట్టాడు. ఈ శిబిరం మొదటి తెగది. చివర్లో పతకాలు లేవు, గ్రూప్ ఫోటో ఉంది. అందులో కవి ముందు వరుసలో సెయిజాలో ఉన్నాడు. ఆ చిరునవ్వు వెనక రెండు కాళ్లూ లేవు.

తాత్పర్యం: అయ్యా, ఒకడు తెల్లబట్టలు కట్టుకుని వచ్చి రెండు రోజులు పడ్డాడు.

అలంకారం: స్వభావోక్తి.

ఫలశ్రుతి: ఈ పద్యాన్ని సోమవారం పొద్దున ఆఫీసులో లిఫ్టు చెడిపోయిన వేళ, రెయిలింగు రెండు చేతులా పట్టుకుని, మెట్టుకొక పాదం చొప్పున పఠిస్తూ దిగేవారికి నాలుగు మెట్లు గడుస్తాయి. ఐదో మెట్టుకు మళ్లీ మొదటి పాదం అందుకోవాలి. లాండింగు దగ్గర ఎవరైనా "ఏమైంది అంకుల్?" అని అడిగితే జవాబు చెప్పనక్కరలేదు.