వినకుండానే రసికులు కండి

అమెరికా శాస్త్రీయ సంగీతం మెచ్చుకోవాలంటే ముందుగా చెవులకు సెలవివ్వండి. వింటే అనుమానాలు పుడతాయి. అనుమానం పుట్టిందా, అభిప్రాయం ఆలస్యమైపోతుంది.

రచన పేరు చూసి భావం చెప్పేయండి. ఆరన్ కోప్లాండ్ ‘అపలేచియన్ స్ప్రింగ్’ మొదలవగానే కళ్లు మూసుకుని ‘అబ్బ, ఆ కొండలు! ఆ వసంతం!’ అనండి. 1944లో మార్తా గ్రాహం నాట్యం కోసం ఆయన దాన్ని రాస్తున్నప్పుడు కొండల ఊసే లేదు. ఆ పేరు తర్వాత ఆవిడ పెట్టింది. అయితేనేం? కొండలు కళ్లకు కట్టాయని కోప్లాండ్‌తోనే చెప్పినవాళ్లున్నారు. మీరెందుకు వెనకబడాలి?

చార్లెస్ ఐవ్స్ బీమా వ్యాపారి. పాలసీలు అమ్ముకునేవాడికి సింఫనీలెందుకని పెదవి విరవండి. రెండు బ్యాండుమేళాలు చెరో పాట వాయిస్తూ ఎదురెదురుగా వచ్చినట్టు వినిపిస్తే, సాధన చాలలేదని పక్కసీటాయనతో అనండి. ఐవ్స్ వాళ్ల నాన్న డాన్‌బరీలో నిజంగానే బ్యాండుల్ని అలా ఎదురెదురుగా నడిపించి విన్నాడని ఆయన చెప్పబోతే, మీరు టీకి లేవండి. ఐవ్స్ మూడో సింఫనీని జనం మొదటిసారి విన్నది 1946లో, రాసిన ముప్పై ఏళ్లు దాటాక. మరుసటేడే పులిట్జర్ వచ్చింది. అంచేత తొందరపడకండి, బహుమతి వచ్చాకే మెచ్చుకోండి.

పాత ఇల్లు కొంటే అందులో కాగితాలన్నీ వెంటనే తూకానికి వేసేయండి. ఇలినాయ్‌లో ఒక పాడుబడ్డ ఇంటిని బాగుచేయిస్తున్నవాళ్లు 2009లో ఆ పని చేయలేదు. స్వరకర్త ఫ్లోరెన్స్ ప్రైస్ రాతప్రతులు బోలెడు బయటపడ్డాయి. 1933లో షికాగో సింఫనీ ఆర్కెస్ట్రా ఎవరి రచన వాయించిందో ఆ నల్లజాతి మహిళను మళ్లీ మరిచిపోయి హాయిగా ఉన్న ఆర్కెస్ట్రాలకు ఎంత పని పెరిగిందో!

జాన్ కేజ్ ‘4 నిమిషాల 33 సెకన్లు’కి మాత్రం తప్పక వెళ్లండి. 1952లో వుడ్‌స్టాక్ దగ్గర డేవిడ్ ట్యూడర్ పియానో ముందు కూర్చుని, ఒక్క మెట్టూ నొక్కకుండా, ఒక్కో భాగానికీ మూత వేసి తీశాడు. హాల్లో వినబడే చప్పుళ్లే సంగీతమట. మీరు దగ్గుబిళ్ల కాగితం నెమ్మదిగా, కరకరమనిపిస్తూ విప్పండి. ఎవరైనా కసిరితే, మీరూ వాద్యబృందంలో ఉన్నారని చెప్పి పారితోషికం అడగండి.

ఫిలిప్ గ్లాస్ ‘సత్యాగ్రహ’ ఆపెరా (1980) మనవాళ్లకు వరం. పాడేదంతా సంస్కృతం, భగవద్గీతలోంచి. పక్కనున్న దొరలకు అర్థం మీరే చెప్పండి. ఒక్క శ్లోకం వచ్చినా చాలు, మూడంకాలకూ అదే అర్థం సర్దేయొచ్చు. ఎవరైనా అధ్యాయం అడిగితే, విరామంలో చెబుతానని తప్పించుకోండి.