కడియం కౌన్సెలింగ్ మావయ్య

కడియపులంక నుంచి వేమగిరి దాకా హైవే వెంబడి ఏ నర్సరీలో ఆగినా ఈయన తగులుతాడు. తెల్ల లుంగీ, చెవిలో బ్లూటూత్, చేతిలో కత్తెర. తన చదువు డిగ్రీ రెండో ఏడాదిలోనే ఆగింది గాని, బంధువుల పిల్లల కౌన్సెలింగులన్నీ ఆయనవే. ఎంసెట్ వెబ్ ఆప్షన్లతో మొదలెట్టి, నీట్ మీదుగా ఇప్పుడు అమెరికా రెసిడెన్సీకి ఎక్కాడు.

మేనకోడలు కాకినాడ రంగరాయలో ఎంబీబీఎస్ పూర్తి చేసి, న్యూరాలజీ అంది. మావయ్య వేళ్ళు మడిచాడు. "ఇక్కడ ఎండీ మూడేళ్ళు, డీఎం మూడేళ్ళు, ఆరు. అక్కడ మెడిసిన్ ఏడాది, న్యూరాలజీ మూడేళ్ళు, నాలుగు. రెండేళ్ళు మిగిలాయి కదమ్మా!" అక్కడికెళ్ళే ముందు స్టెప్ పరీక్షలు రాయడానికి పట్టిన కాలం అందులో లేదు. మావయ్య లెక్కలో మొక్క ఖరీదే తప్ప లారీ బాడుగ ఎప్పుడూ ఉండదు.

కోవిడ్ దగ్గర్నుంచి ఇంటర్వ్యూలు కంప్యూటర్లోనే. వాళ్ళ పొద్దుట మన సాయంత్రం. నెట్ బాగుంటుందని నర్సరీ ఆఫీసు గదిలో పెట్టారు. వెనకాల అరేకా పామ్‌లు, బోన్సాయ్ మావయ్యే సర్దాడు, ఒక్కో ప్రోగ్రాంకి ఒక్కో సెట్టు. కెమెరాకి అందకుండా స్టూలేసుక్కూచుని, బిల్లు పుస్తకం వెనక రాసి చూపించేవాడు: "హెచ్‌1బీ ఇస్తారా అడుగు." "జే1 అయితే చదువయ్యాక రెండేళ్ళు ఇంటికి పంపేస్తారంట, అడుగు." బయట లోడెక్కించే కుర్రాళ్ళు "ఇంకో వంద మందారాలండీ!" అని కేకేస్తే మాత్రం ఆగలేకపోయాడు. "ఉండండ్రా, అమెరికా మాట్లాడతంది!" అమెరికా కూడా విన్నది.

అసలు రభస, ఏ ఆస్పత్రి ముందు కావాలో వరసగా రాసిచ్చే ర్యాంక్ లిస్టు దగ్గర. "మేయో మొదట పెట్టకు. వాళ్ళివ్వకపోతే కిందున్నవీ పోతాయ్." పోవు. మనసులో ఉన్న వరస ఉన్నట్టు పెడితే, పైది దక్కకపోయినా కిందిదానికి అవకాశం తగ్గదు. ఈ తరహా జత కలిపే పద్ధతుల మీద పనికే షేప్లీ, రోత్‌లకి 2012లో ఆర్థికశాస్త్రంలో నోబెల్ ఇచ్చారు. మేనకోడలు ఓపిగ్గా చెప్పింది.

"వాళ్ళేమన్నా ఎంసెట్ కౌన్సెలింగ్‌లో కూచున్నారేంటమ్మా?"

ఆయన వరస వేరు. పిట్స్‌బర్గ్ మొదట, వెంకన్న గుడి ఉంది గనక. తర్వాత హ్యూస్టన్, గోంగూర దొరుకుతుంది. మేయో ఉన్న రోచెస్టర్ ఆఖరున: "ఆ మంచులో గడ్డి కూడా మొలవదు." మధ్యలో, ఎందుకొచ్చిందో గాని, ఒక మాట అడిగాడు: "అక్కడ ఆఖరేడాది పిల్లల్తో మాట్లాడావా? మొహాలెలా ఉన్నాయ్?" దానికి ఆ పిల్ల లిస్టులో రెండు పేర్లు కిందకి దించేసింది. మావయ్య చూడలేదు, గులాబీల బేరంలో ఉన్నాడు.

మార్చిలో సోమవారం మ్యాచ్ అయిందని, అంటే సీటు దొరికిందని, మెయిలొచ్చింది. ఎక్కడన్నది శుక్రవారం గాని చెప్పరు. మావయ్య మంగళవారానికే బుర్రిలంక దాకా న్యూరోసర్జన్ అని చాటేశాడు. "ఆపరేషన్లు చెయ్యను మావయ్యా!" "కొయ్యకుండా తగ్గిస్తే మరీ మంచిది కదమ్మా. మన మేస్త్రికి నడుంనొప్పి, రేపు రమ్మన్నాను."

శుక్రవారం తేలింది. మావయ్య వరసలో ఆఖరి నుంచి రెండోది.

"చెప్పానా? నా లిస్టులో ఉన్నదే వచ్చింది."

ఇప్పుడు తమ్ముడి కొడుకు వంతు. వాడు పదో తరగతి. ఏ స్పెషాలిటీ అన్నది వచ్చే వారం తేలుతుందట.